మంచుకొండకి పెడముఖం పెట్టిన మంచె

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, మౌంట్ రెయినియర్ నేషనల్ పార్కులో ఫ్రీమాంట్ ఫైర్ లుకౌట్ (అడవి మంటల్ని కనిపెట్టే కాపలా గది) దాకా ఎక్కినవాళ్లు ఫోటో దిగకుండా దిగిరారు. అన్నీ ఒకటే రకం: చెక్క గది, వెనకాల మంచు కప్పుకున్న రెయినియర్ శిఖరం. ఆ గది కట్టింది మాత్రం అటు చూడ్డానికి కాదు. మంచుకి నిప్పంటుకోదు కదా! అంటుకునే అడవి ఉత్తరాన, లోయల్లో ఉంది. అందుకే ఈ మంచె కొండ నడినెత్తిన కాకుండా, రాళ్ల గట్టు ఉత్తరపు కొసన కూర్చుంది.

నడక మొదలయ్యేది పార్కులోని సన్‌రైజ్ అనే చోట. సియాటిల్ నుంచి ఈనమ్‌క్లా ఊరి మీదుగా అక్కడికి రెండున్నర గంటల ప్రయాణం. 6,400 అడుగులు; పార్కులో కారు ఎక్కగలిగే చోట్లలో ఇదే ఎత్తైనది. రోడ్డు మామూలుగా జూలై మొదట్లో గానీ తెరవరు. ఎండాకాలం శని, ఆదివారాల్లో పొద్దెక్కితే గేటు దగ్గరే కార్లు బారులు తీరతాయి కాబట్టి మేం చీకటితోనే బయల్దేరాం. నీళ్లు కిందే నింపుకోవాలి, పైన చుక్క దొరకదు. కుక్కలకి కాలిబాటల మీద ప్రవేశం లేదు, డ్రోన్‌లు అసలే కుదరవు.

రానూపోనూ 5.6 మైళ్లు, ఎక్కేది సుమారు 900 అడుగులు. ఆయాసం తెప్పించేది మొదట్లో సవర్‌డో గట్టు ఎక్కడమే. ఒకటిన్నర మైలు నడిస్తే ఫ్రోజెన్ లేక్. సన్‌రైజ్‌కి తాగునీళ్లు ఇక్కణ్నుంచే, అందుకే చుట్టూ కంచె. చెరువుకి ముందు వాలు మీద కొన్నేళ్లు జూలై చివరిదాకా మంచు పేరుకుని ఉంటుంది. పొద్దున్నే అది గట్టిపడి అద్దంలా జారుతుంది, స్నీకర్లతో వచ్చినవాళ్లు ఇబ్బంది పడేది అక్కడే. చెరువు పక్కన చాలా దారులు కలుస్తాయి. బోర్డు చదవకుండా గుంపు వెంట పోతే బరోస్ మౌంటెన్ మీద తేలతారు. ఫ్రీమాంట్‌కి కుడివైపు, ఉత్తరానికి తిరగాలి.

మిగిలిన 1.3 మైళ్లూ కొండ పడమటి పక్కన రాళ్ల మీదే. నీడ లేదు, గాలి విపరీతం. కొండమేకలు కనిపిస్తాయి, కనీసం 25 గజాల దూరం పాటించాలి.

లుకౌట్ ఉన్నది 7,181 అడుగుల ఎత్తున. 1934లో కట్టారు. రెండంతస్తులు: కింద సామాను గది, పైన నాలుగు వైపులా కిటికీలున్న కాపలా గది, దాని చుట్టూ చెక్క వసారా. టోల్మీ పీక్, గాబ్లర్స్ నాబ్, ష్రైనర్ పీక్‌లతో కలిపి పార్కులో ఇలాంటివి నాలుగు మిగిలాయి. వీటి వెనక 1910 ఆగస్టు ఉంది. ఆ నెల 20, 21 తేదీల్లో ఐడహో, మోంటానా ప్రాంతాల్లో దాదాపు 30 లక్షల ఎకరాలు తగలబడ్డాయి. పొగని పుట్టగానే పట్టుకోవాలన్న పట్టుదల అప్పుడు పెరిగింది. 1933లో నిరుద్యోగ యువకుల కోసం సివిలియన్ కన్జర్వేషన్ కోర్ మొదలయ్యాక పనివాళ్లకీ కొదవ లేకపోయింది. దేశమంతటా కొండల మీద ఇలాంటి గదులు వేలల్లో లేచాయి.

అలాంటి గదులకి గుండెకాయ ఆస్‌బోర్న్ ఫైర్ ఫైండర్. గుండ్రటి బల్ల మీద ఆ ప్రాంతపు మ్యాపు, సరిగ్గా నడిమధ్యన లుకౌట్ ఉన్న చోటు. చుట్టూ 360 డిగ్రీల గీతలున్న లోహపు వలయం. దాని మీద ఎదురెదురుగా రెండు గురి పలకలు: కంటి దగ్గరదానికి సన్నటి చీలిక, అవతలిదానికి నిలువుగా గుర్రపు వెంట్రుక. చీలికలోంచి చూస్తూ వెంట్రుక పొగ మొదలు మీదికి వచ్చేదాకా తిప్పి, డిగ్రీ చదివి ఫోన్‌లో చెప్పాలి. పొగ తలని గురి చూస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే గాలికి తల పక్కకి వాలిపోతుంది. కిటికీ మూల కర్ర అడ్డొస్తే పరికరాన్ని కింది పట్టాల మీద పక్కకి జరుపుతారు.

ఒక లుకౌట్ ఇచ్చేది గీత మాత్రమే. మరో కొండ మీదివాళ్ల గీత దాన్ని ఎక్కడ కోస్తే నిప్పు అక్కడ. 20 మైళ్ల దూరాన ఒక్క డిగ్రీ తప్పితే మైల్లో మూడో వంతు పక్కకి పోతుంది. దట్టమైన అడవిలో ఆ తేడా చాలు, మనుషులు నిప్పు కనబడక తిరగడానికి. వాన వెలిశాక లోయల్లోంచి లేచే ఆవిరి అచ్చం పొగలాగే ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి కంగారుపడేవారు, పాతవాళ్లు కాసేపు ఆగి అది చెదిరిపోతుందా, ఒకేచోట నిలుస్తుందా అని చూసేవారు. పిడుగులప్పుడు నిలబడ్డానికి కాళ్లకి గాజు తొడుగులున్న పీట ఉండేది. పిడుగు వాళ్లని భయపెట్టేదే, కానీ వాళ్లు అసలు లెక్కపెట్టాల్సిందీ దాన్నే. ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకుని ఆ చోటు మీద రోజుల తరబడి కన్నేసేవారు, దుంగలో దాక్కున్న నిప్పు ఆలస్యంగా రాజుకుంటుంది మరి.

తర్వాత ఈ పనిలో చాలా భాగం విమానాలు, ఆపైన కెమెరాలు తీసుకున్నాయి.

తిరుగుదారిలో మోకాళ్లు సహకరిస్తే ఫ్రోజెన్ లేక్ నుంచి షాడో లేక్ వైపు దిగి సన్‌రైజ్ చేరొచ్చు. దూరం కాస్త ఎక్కువే, కానీ అటు చెట్ల నీడ దొరుకుతుంది.