డబ్బా మీద దెబ్బ ఎందుకు పనిచేసేదో ఇవాళ తెలిసింది

ఆదివారం కదా ఎనిమిదింటిదాకా లేవకూడదని రాత్రే గట్టిగా అనుకుని పడుకున్నా. ఆరున్నరకి పాప వచ్చి దుప్పటి లాగేసింది. "నాన్నా, ముస్తఫా పాడైపోయింది, గీతలు గీతలుగా వస్తోంది." పొద్దున్నే ఆట ఏంటే అని తిడదామనుకుని, పాడైందన్న మాట బుర్రకెక్కాక నేనే ముందు పరిగెత్తా.

నిజమే. ముస్తఫా అంటే మా పాత వీడియోగేమ్ డబ్బా. టైటిల్ దాకా బానే వస్తోంది, ఆట మొదలవగానే మనుషుల బొమ్మలు ముక్కలు ముక్కలు, కాళ్లు ఒక చోట టోపీ ఇంకో చోట, వాటి మీద రంగురంగుల గళ్లు, ఓ నిమిషం అలా కొట్టుకుని మొత్తం నల్లబడి మళ్లీ మొదటికి. మళ్లీ టైటిల్, మళ్లీ గళ్లు, మళ్లీ నలుపు.

ఈ డబ్బా మా హాల్లో బాల్కనీ తలుపు పక్కన ఉంటుంది. నా కన్నా ఎత్తు, ప్లైవుడ్డు, పక్కలకి ఎర్ర సన్‌మైకా, లోపల 21 అంగుళాల పిక్చర్ ట్యూబు, రెండు జాయ్‌స్టిక్కులు. తెనాలిలో మేం చిన్నప్పుడు ఆడిన షాపుదే, షాపు ఎప్పుడో మూసేశారు, డబ్బా వాళ్ల గోడౌన్లో బియ్యం బస్తాల వెనకాల పడుంటే నాలుగేళ్ల కింద ఆరు వేలిచ్చి తెచ్చుకున్నా, దాన్ని హైదరాబాదు చేర్చిన ఆటో ట్రాలీకి ఇంకో ఏడు వేలు అయ్యాయి, ఆ లెక్క మా ఆవిడకి ఇప్పటికీ పూర్తిగా తెలీదు.

గేమ్ అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో క్యాప్‌కామ్ వాళ్లది. ఆ పేరుతో అడిగితే మా ఊళ్లో ఒక్కడికీ తెలీదు. పసుపుపచ్చ టోపీ పెట్టుకుని ఎగిరి తన్నేవాడు ముస్తఫా, గేమూ ముస్తఫాయే. నలుగురు హీరోల్లో మిగతా ముగ్గురి పేర్లు నేను డిగ్రీకొచ్చాకే నేర్చుకున్నా. ఇంకో సంగతి, ఇది ముగ్గురు కలిసి ఆడే గేమట. మా షాపు డబ్బాకి రెండే స్టిక్కులు, మా అన్నయ్యా మా బాబాయి కొడుకూ వాటి మీద కూర్చుంటే నేను పక్కన నిలబడి "అటు అటు, వెనకాల వస్తున్నాడు" అని అరవడానికే ఉండేవాణ్ణి. తప్పు ఎవరిదీ కాదులెండి, డబ్బా వైర్లని గేమ్ బోర్డుకి కలిపే జామా కనెక్టర్లో ఇద్దరికే వైర్లుంటాయి.

ఆ షాపాయన గురించి చెప్పాలి. బొమ్మ చెదిరితే ఆయన కౌంటర్ దగ్గర్నుంచి లేచి రావడం, పైకి చూడ్డం కూడా లేకుండా డబ్బా కుడి పక్క చెక్క మీద, నడుం ఎత్తులో, అరచేత్తో ఒక్కటి వెయ్యడం, బొమ్మ సర్దుకోవడం. ఎప్పుడూ అక్కడే. మేం కొడితే పనిచేసేది కాదు. ఆయన చేతిలో ఏదో ఉందని నేను చాలా ఏళ్లు నమ్మా.

సరే. పళ్లు తోముకోకుండానే స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా పీకేసి వెనక తలుపు తీశా. వెనక తీశానంటే మా ఆవిడకి భయం, "ఏవండీ, ఆ ట్యూబు జోలికి వెళ్లకండి" అని వంటింట్లోంచే కేక. వెళ్లను. ఆ ట్యూబు నెత్తి మీద రబ్బరు కప్పు కింద 20 వేల వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా ఆ చార్జీ చాలాసేపు లోపలే దాక్కుంటుంది. మా వీధి చివర టీవీ మెకానిక్ బాబాయ్ దగ్గర మొదటి పాఠం అదే నేర్చుకున్నా. ఎల్ఓటీ, అంటే అంత వోల్టేజీ పుట్టించే ట్రాన్స్‌ఫార్మరు, దాని దగ్గర చెయ్యి పెట్టేటప్పుడు ఎడం చెయ్యి జేబులో ఉండాలి బాబూ, రెండు చేతులూ లోపల పెట్టావంటే కరెంటు గుండె మీంచి దారి చూసుకుంటుంది అన్నాడు. ఆయన జేబులో చెయ్యి పెట్టుకుని పనిచేస్తుంటే మొదట్లో స్టైలనుకున్నా.

ఇవాళ్టి జబ్బు ట్యూబుది కాదు, అది తెలుస్తూనే ఉంది, బొమ్మ నిటారుగా నిలబడింది, రంగులు బానే ఉన్నాయి, చెత్తంతా గేమ్ బోర్డు నుంచి వస్తోంది. అక్కడే గుండె జారింది. టీవీ ఛాసిస్ అయితే బాబాయ్ ఉన్నాడు, బోర్డు పోతే ఎవరూ లేరు. మాది ఒరిజినల్ బోర్డు కూడా కాదు, అప్పట్లో మన దగ్గరికి వచ్చిన కాపీ బోర్డుల్లో ఒకటి, ఒరిజినల్లో ఉండే క్యూసౌండ్ చిప్ దీంట్లో లేదు కాబట్టి దెబ్బల చప్పుడు డబ్బాలో రాళ్లు గిలకరించినట్టుంటుంది. నాకు మాత్రం ముస్తఫా అంటే ఆ రాళ్ల చప్పుడే. ఒరిజినల్ సౌండ్ యూట్యూబులో విన్నప్పుడు వేరే ఎవరి గేమో అనిపించింది.

బోర్డు బయటికి లాగి పేపరు మీద పెట్టా. దాని మీద 68000 ప్రాసెసర్ ఉంటుంది, 64 కాళ్లు, పాప దాన్ని జెర్రి అంటుంది. దాని పక్కన వరసగా ఈప్రామ్‌లనే మెమరీ చిప్పులు, గేమంతా వాటిల్లోనే. ఒక్కో దాని నెత్తిన చిన్న గాజు కిటికీ, అందులోంచి చూస్తే చిప్పు అసలు వొళ్లు మెరుస్తూ కనపడుతుంది, అల్ట్రావయొలెట్ లైటు తగిలితే అందులో రాసింది చెరిగిపోతుంది కాబట్టి కిటికీ మీద స్టిక్కరు అంటిస్తారు. చూద్దును కదా ఒకదాని మీద స్టిక్కరు ఊడిపోయింది. అంతే, దొంగ దొరికాడనుకున్నా. బాల్కనీ ఎండ లోపలికి పడి చిప్పు చెరిగిపోయిందని కథ అల్లేసుకున్నా, మళ్లీ ఆ డేటా ఎవడి దగ్గర దొరుకుతుంది, ఎవడు రాసిస్తాడు అని ఫోను పట్టుకుని ఓ గంట తిరిగా. ఇడ్లీలు చల్లారిపోయాయి. తిట్లు పడ్డాయి.

తింటూంటే తట్టింది. నేరుగా ఎండలో పెడితేనే చెరగడానికి వారం పడుతుంది, ట్యూబ్‌లైటు వెలుగుకైతే ఏళ్లు. డబ్బా తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది, చీకట్లో ఉన్నదానికి ఎండెక్కడిది. నల్ల టేపు ముక్క కోసి కిటికీ మీద అంటించి, సిగ్గుపడి, అప్పుడు మల్టీమీటర్ తీశా. ముందు తియ్యాల్సింది అదే. ఖరీదైన దాని మీద ముందు అనుమానపడటం నాకు అలవాటు, కారు విషయంలోనూ అంతే, హారన్ మోగకపోతే ఇంజిన్ దాకా వెళ్లిపోతా.

బోర్డు మళ్లీ తగిలించి ఆన్ చేసి బోర్డుకి కరెంటు ఇచ్చే ఎస్ఎమ్‌పీఎస్ స్క్రూల దగ్గర మీటరు పెట్టా, 5.05 వోల్టులు. బ్రహ్మాండం. అదే మీటరు బోర్డు మీద, కనెక్టర్ దాటాక, చిప్పు కాళ్ల దగ్గర పెడితే 4.58! ఈ బోర్డు మీద ఉన్న పాత చిప్పులకి 4.75 తగ్గకూడదు, 5.25 దాటకూడదు. 4.58 దగ్గర అవి అర్ధాకలితో పనిచేస్తున్నట్టు లెక్క, ఓ లెక్క రైటు ఓ లెక్క తప్పు, అందుకే ముస్తఫా టోపీ ఒక చోట వాడి తల ఒక చోట.

ఇక్కడ ఇంకో తప్పు చేసేవాణ్ణే. ఎస్ఎమ్‌పీఎస్ మీద చిన్న ప్రీసెట్ ఉంటుంది, స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే వోల్టేజీ పెరుగుతుంది, 5.05ని 5.5 చేస్తే బోర్డు దగ్గర 5 వచ్చేస్తుంది, పని అయిపోయింది. స్క్రూడ్రైవర్ దాకా చెయ్యి వెళ్లింది కూడా. కానీ మధ్యలో ఎక్కడో వోల్టేజీ పడిపోతోందంటే ఆ చోటు ఎప్పుడో ఒకప్పుడు సర్దుకుంటుంది, సర్దుకున్న క్షణం ఆ ఐదున్నర మొత్తం బోర్డు నెత్తిన పడుతుంది. ఆకలి చిప్పుల సంగతి పోయి కాలిపోయిన చిప్పుల సంగతి వస్తుంది.

బాబాయ్‌కి ఫోన్ చేశా, గుడిలో ఉన్నాడు, గొంతు తగ్గించి "ప్లస్సు ఒక్కటే చూశావా, ఎర్తు వైపు చూశావా బాబూ" అని పెట్టేశాడు. చూడలేదు. చూస్తే ప్లస్సు దారిలో 0.31 పోతోంది, ఎర్తు, అంటే గ్రౌండు దారిలో 0.16. కూడితే సరిగ్గా ఆ తేడా. బోర్డు నాలుగు ఆంపియర్లు లాగుతోందనుకుంటే దగ్గర దగ్గర రెండు వాట్ల వేడి ఆ దారిలోనే పుడుతోందన్న మాట, రోజంతా.

అంతా ఆపి కనెక్టర్ పీకి దీపం కింద పెట్టి చూశా. జపాన్‌లో గేమ్ మెషిన్లు చేసేవాళ్ల సంఘం 1985లో పెట్టిన లెక్క ఇది, 56 పిన్నులు, పైన 28 కింద 28, ఏ కంపెనీ బోర్డైనా అదే గాడిలో పడుతుంది. మొదటి రెండు పిన్నులూ కింద ఏ, బీ గ్రౌండు, తర్వాత మూడు, నాలుగు, కింద సీ, డీ ఐదు వోల్టులు. అంటే కరెంటు పంచుకోవడానికి నాలుగేసి పిన్నులు ఇచ్చారు పాపం. మా డబ్బాకి వైరింగ్ చేసిన మహానుభావుడు మూడో పిన్నుకి ఒకే ఒక్క వైరు, అదీ స్పీకరు వైరంత సన్నంది, వేసి వదిలేశాడు. మిగతా మూడూ ఖాళీ. మూడో పిన్ను చుట్టూ ప్లాస్టిక్కు పెనం మీద మాడిన అట్టు అంచులా గోధుమరంగుకి తిరిగింది, లోపలి స్ప్రింగు రేకు బిగువు పోయి వెనక్కి వాలిపోయింది. బోర్డు వైపు రాగి పట్టీ మీద నల్లటి మచ్చ.

అప్పుడు చూశా ఆ కనెక్టర్ ఎక్కడుందో. బోర్డు కుడి పక్క చెక్కకి స్క్రూలతో బిగించి ఉంటుంది, కనెక్టర్ సరిగ్గా నడుం ఎత్తులో. బయట్నుంచి అరచేత్తో ఒక్కటేస్తే లోపల బోర్డు వెంట్రుకవాసి కదిలి, రేకు పట్టీ మీద కొత్త చోట ఆనుకుంటుంది! నేల మీద కూర్చుని గట్టిగా నవ్వా, అమ్మ పూజగదిలోంచి "ఏరా, కరెంటు కొట్టిందా" అంది.

ఆదివారం కాబట్టి ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి లాభం లేదు, ఇంట్లో ఉన్నదాంతోనే కానిచ్చా. పాప పెన్సిలు బాక్సులోంచి తెల్ల రబ్బరు తీసుకుని రాగి పట్టీలు ఒక్కొక్కటీ రుద్దా, గట్టిగా రుద్దితే పూత లేచిపోతుంది, బొట్టు తుడిచినంత మెల్లగా. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టా. వాలిపోయిన రేకుని గుండుసూదితో ముందుకి లాగా, అది పూర్తిగా లేవలేదు, దాన్ని నమ్ముకోదల్చుకోలేదు. ఇన్వర్టర్ పెట్టినప్పుడు మిగిలిన లావు వైరు ఉంది, దాని పోగులు చీల్చి నాలుగు, సీ, డీలకి విడివిడిగా తలో వైరు, గ్రౌండుకి కూడా మూడు. సోల్డరింగ్ అంటే నాకు ఇప్పటికీ వొణుకే, మొదటి రెండు టాకాలూ ముద్దల్లా వచ్చాయి, పేస్టు రాసి మళ్లీ కరిగించా. డ్రై సోల్డర్, అంటే సరిగ్గా అతకని టాకా, వదిలానంటే ఆర్నెల్ల తర్వాత మళ్లీ నేనే వెతుక్కోవాలి. పాప టార్చి పట్టుకుంది, ఓ పావుగంట పట్టుకుని చెయ్యి నొప్పని పుస్తకాల మీద నిలబెట్టి పోయింది.

కనెక్టర్ తిరిగి పెట్టేటప్పుడు పై వైపుకి ఎర్ర గోళ్లరంగు చుక్క చూసుకునే పెట్టా. తలకిందులుగా పెట్టకుండా ఏడో పిన్ను దగ్గర చిన్న అడ్డుముక్క ఉండాలి, దీనికి అదీ లేదు, తెచ్చిన కొత్తలో తిరగేసి పెట్టబోయి ఆఖరి క్షణంలో ఆగా. ఆ వేళే మా ఆవిడ గోళ్లరంగు సీసా ఒకటి టూల్‌బాక్సులో చేరింది. ఆవిడ ఇంకా వెతుకుతోంది.

ఆన్ చేశా. చిప్పుల దగ్గర 4.98. ముస్తఫా తల మీద టోపీ.

సాయంత్రం వాన మొదలైంది, ఎటూ పోలేదు, మా తమ్ముడు ఫోన్ చేసి ఎప్పటిలాగే "అన్నయ్యా, నాలుగు వేలు పెడితే చిన్న బోర్డు వస్తుంది, వేల గేములు, టీవీకి తగిలించడమే" అన్నాడు, ఊ అన్నా. తెర మీద ఎడం మూల ఊదారంగు మచ్చ కనపడి మళ్లీ గుండె ఆగింది, తీరా చూస్తే అమ్మ విష్ణు సహస్రనామం స్పీకరు తెచ్చి డబ్బా మీద పెట్టింది, అందులో అయస్కాంతం. తీసేసి, అయస్కాంతం మచ్చలు పోగొట్టడానికి బాబాయ్ ఇచ్చిన డీగాసింగ్ కాయిలు తెర ముందు గుండ్రంగా రెండుసార్లు తిప్పితే పోయింది.

రెండు గంటలు ఆపకుండా నడిపి, ఆపి, కనెక్టర్ మీద వేలు పెట్టి చూశా, గోరువెచ్చగా కూడా లేదు. పాప రెండో స్టేజీలో కత్తులాడి దగ్గర మూడు లైఫులూ పోగొట్టుకుని కోపంగా వెనక్కి జరిగి, డబ్బా కుడి పక్కన నడుం ఎత్తులో అరచేత్తో ఒక్కటి వేసింది. నాకు ఒళ్లు మండింది.

"ఎవరు నేర్పారే నీకు అక్కడ కొట్టడం?"

"నువ్వే కదా నాన్నా, రోజూ కొడతావ్."

మా ఆవిడ వైపు చూశా, ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ తల కూడా ఎత్తకుండా "రోజుకి రెండుసార్లు" అంది.

వెనక తలుపు తీసి మళ్లీ మీటరు పెట్టా. 4.97.