పార్కింగ్ ట్రామ్: తలుపు, మలుపు, బ్రేకు

2024 ఏప్రిల్ 20, శనివారం రాత్రి. హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియోస్‌లో సందర్శకులతో వెళ్తున్న నాలుగు పెట్టెల ట్రామ్ ఒక మలుపు తిరుగుతోంది. చివరి పెట్టె పక్కనున్న ఇనప రెయిలింగ్‌కు తగిలి ఒరిగింది, అందులోంచి కొందరు బయటికి పడిపోయారు. 15 మందికి గాయాలయ్యాయి, చాలావరకు చిన్నవే. దర్యాప్తు చేసింది కాలిఫోర్నియా హైవే పెట్రోల్. మలుపులో, చివరి పెట్టెలోంచి, బయటికి పడటం: కారు నిలిపిన చోటి నుంచి పార్కు గేటుకు మనుషులను చేరవేసే పార్కింగ్ ట్రామ్‌లకు ఏ మార్పులు ముందు కావాలో ఆ వార్తలోనే ఉంది.

రోలర్ కోస్టర్ ఎక్కితే ఒళ్ళో బార్ దిగిందా లేదా అని ఉద్యోగి చేత్తో లాగి మరీ చూస్తారు. అదే సందర్శకుడు రాత్రి బాణసంచా అయ్యాక, నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని, రెండో చేతిలో సంచీ పట్టుకుని పార్కింగ్ ట్రామ్ ఎక్కితే ఎవరూ ఏదీ లాగి చూడరు. బెంచీకి బెల్టు ఉండదు, పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. పైగా ఇది రైడ్ కాదు కదా అని మనసు అప్పటికే సడలిపోయి ఉంటుంది. అందుకే మైకులో "దయచేసి కూర్చునే ఉండండి" అని చెప్పి ఊరుకోవడాన్ని నేను భద్రత కింద లెక్కపెట్టను. అనౌన్స్‌మెంట్ విననివాళ్ళనీ, అర్థం కానివాళ్ళనీ కూడా కాపాడేదే భద్రత. అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చిన మన అమ్మానాన్నల్లో చాలామందికి ఆ ఇంగ్లీషు, స్పానిష్ ప్రకటనలు వట్టి శబ్దమే. తలుపు మాత్రం వాళ్ళకీ పనిచేస్తుంది.

పాత ట్రామ్‌లలో పక్కలు పూర్తిగా తెరిచే ఉండేవి, లేదా ఒక గొలుసు ఉండేది. గొలుసుతో ఇబ్బంది ఏమిటంటే దాన్ని తగిలించే బాధ్యత చివర కూర్చున్న ప్రయాణికుడిది. తగిలించినా మూడేళ్ళ పిల్లాడు దాని కింద నుంచి దూరిపోతాడు. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ 2010ల మొదట్లో తన పార్కింగ్ ట్రామ్‌లకు పక్క తలుపులు పెట్టింది. సరైన దారి అదే. అయితే తలుపు బిగించగానే పని అయిపోదు. తలుపు మూసి ఉందని బండికి తెలియాలి.

దానికి ప్రతి తలుపు చట్రంలో ఒక సెన్సర్ ఉంటుంది. పెట్టెలన్నిటి సెన్సర్లనూ ఒకే వరసలో, ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే తీగ మీద కలుపుతారు. ఆ వలయం పూర్తయితేనే డ్రైవర్ ముందు పచ్చదీపం వెలుగుతుంది, అప్పుడే బ్రేకు విడుస్తుంది. వరసలోనే ఎందుకు కలపాలంటే, ఏ ఒక్క తలుపు తెరిచి ఉన్నా, ఏ తీగ తెగినా, రెండు పెట్టెల మధ్య ప్లగ్ ఊడినా, ఫలితం ఒకటే: బండి కదలదు. చెడిపోయినప్పుడు సురక్షితంగా చెడిపోవాలి. దీపం మాత్రమే వెలిగి, బ్రేకుతో లంకె లేని ఏర్పాట్లు కొన్ని చోట్ల ఉంటాయి. రద్దీ వేళ డ్రైవర్ కన్ను దీపం మీద ఉండదు కాబట్టి అది సగం పనే.

ఆచరణలో ఎక్కువగా చెడేది కూడా ఈ వలయమే. రోజూ వందలసార్లు తీసి మూసే తలుపు బందులు సడలి, తలుపు అర అంగుళం కిందికి వాలుతుంది. తలుపుకున్న అయస్కాంతం చట్రంలోని సెన్సర్‌కు ఎదురుగా రాదు. వానకు, కడిగే నీళ్ళకు కనెక్టర్లలో పచ్చటి తుప్పు పడుతుంది. తలుపు మూసే ఉంటుంది, బండి మాత్రం కదలనంటుంది. వెనక రెండు వేల మంది లైనులో నిలబడి ఉంటారు. ఆ సమయంలో ఎవరో ఒకరు ఆ సెన్సర్‌ను దాటవేస్తూ ఒక ముక్క తీగ కలుపుతారు. ఆ రాత్రికి బండి నడుస్తుంది. ఆ తీగ మర్నాడూ అక్కడే ఉంటుంది, ఆ మర్నాడూ ఉంటుంది. కాబట్టి బైపాస్ అంటూ ఉంటే అది సీలు వేసిన తాళం కింద ఉండాలి. తీసినవారి పేరు, సమయం పుస్తకంలో పడాలి, ఆ బండి ప్రయాణికులను దింపి నేరుగా షెడ్డుకు పోవాలి. పొద్దున్నే పరీక్ష చాలా తేలిక: ఇంజిన్ ఆన్ చేసి, ఒక్కో తలుపునూ విడివిడిగా తెరిచి, ప్రతిసారీ బండిని కదిలించబోయి చూడాలి. అన్నీ మూసి ఒకసారి, అన్నీ తెరిచి ఒకసారి చూస్తే చాలదు. ఒక తలుపును ఎవరో దాటవేసి ఉంటే ఆ రెండు పరీక్షల్లోనూ అది బయటపడదు.

తలుపు తాళం తెరుచుకోవడానికీ షరతులు ఉండాలి: వేగం సున్నాకి రావాలి, పార్కింగ్ బ్రేకు పడాలి. ఆగీ ఆగకముందే దూకేవాళ్ళే ఎక్కువగా కాలు మెలితిప్పుకుంటారు. దీనికి రెండో వైపు మంటలు, పొగ: అప్పుడు లోపలివాళ్ళు వెంటనే బయటపడగలగాలి. లోపలి నుంచి తెరిచే అత్యవసర పిడి ప్రతి తలుపు దగ్గరా ఎర్రగా కనిపించాలి, బ్యాటరీ చచ్చినా చేత్తో పనిచేయాలి. ఆ పిడి లాగగానే డ్రైవర్ దగ్గర బజర్ మోగాలి. ఆ పిడి లేని తలుపు కన్నా తలుపు లేకపోవడమే నయం.

తలుపులు పెడితే ప్రతి స్టాపులో బండి ఎక్కువసేపు ఆగుతుంది, ఇది దాచాల్సిన విషయం కాదు. మూసివేత వేళ ఆ ఆలస్యం లైనులో స్పష్టంగా కనిపిస్తుంది. దానికి జవాబు ఇంకో ట్రామ్ నడపడమే. స్టాపులో ఆగిన ఆలస్యాన్ని మలుపులో వేగంతో పూడ్చుకోమని డ్రైవర్ మీద ఒత్తిడి పెడితే, తలుపుతో సంపాదించింది అక్కడ పోతుంది.

ఇక చివరి పెట్టె. లాగే బండి వెనక ఒకదానికొకటి తగిలించిన పెట్టెలు ముందు బండి దారిలోనే వస్తాయని అనుకుంటాం. మామూలు ట్రెయిలర్ అయితే మలుపులో ప్రతి పెట్టె తన ముందు పెట్టె కన్నా కాస్త లోపలికి కోస్తుంది, నాలుగో పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా పోగవుతుంది. అందుకే మంచి ట్రామ్ పెట్టెలకు ముందు ఇరుసూ వెనక ఇరుసూ రెండూ తిరిగేలా కడ్డీలతో కలుపుతారు. ఆ కడ్డీల చివర బాల్ జాయింట్లు అరిగితే పెట్టె మళ్ళీ దారి తప్పుతుంది. తనిఖీలో చక్రాన్ని చేత్తో ఊపి వదులు చూడాల్సింది అక్కడే. రెండోది, డ్రైవర్ స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పితే ఆ ఊపు వెనక్కి పోతూ పెరుగుతుంది. అమెరికాలో భారీ వాహనాల లైసెన్సుకు చదివే పుస్తకంలో మూడు ట్రెయిలర్ల లారీకి దీన్ని 3.5 రెట్లని ఇచ్చారు: చివరి ట్రెయిలర్ బోల్తా పడటం ఐదు ఇరుసుల మామూలు లారీ కన్నా 3.5 రెట్లు తేలిక. పార్కు ట్రామ్ నెమ్మదిగా పోతుంది, దాని లెక్క వేరే. కానీ ఊపు వెనక్కి పెరగడం మాత్రం అదే. ముందు కూర్చున్న డ్రైవర్‌కు అది తెలియదు. చివరి పెట్టెలో కెమెరా, ఒరుగుడు కొలిచే సెన్సర్ పెట్టమని అడిగేది ఇందుకే.

వేగం సంగతి అంకెల్లోనే బాగా తెలుస్తుంది. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకు 15 కిలోమీటర్లతో పోతే మనిషిని పక్కకి నెట్టే బలం అతని బరువులో దాదాపు 12 శాతం. అదే మలుపులో 25 కిలోమీటర్లతో పోతే 33 శాతం. పెరిగింది పది కిలోమీటర్లే, నెట్టుడు మాత్రం రెండున్నర రెట్లు దాటింది. నున్నటి ప్లాస్టిక్ బెంచీ మీద మనిషి జారడం మొదలయ్యేది ఆ చుట్టుపక్కలే. కాబట్టి మలుపు ముందు బోర్డు పెట్టడం కన్నా బండే ఆ మలుపులో వేగం పెరగనివ్వకుండా చేయాలి. జీపీఎస్ ఆధారంగా చేసే వేగ నియంత్రణ ఆరుబయట పనిచేస్తుంది. అనాహైమ్ డిస్నీల్యాండ్‌లో లాగా అంతస్తుల పార్కింగ్ భవనం పక్క నుంచో కింద నుంచో పోయే దారుల్లో సిగ్నల్ తప్పుతుంది. అక్కడ రోడ్డులో పాతిన ట్యాగులు, అంటే ఎలక్ట్రానిక్ గుర్తులు, బండి చదివే ఏర్పాటు నమ్మకమైనది.

బ్రేకుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. యూనివర్సల్ హాలీవుడ్ కొండ మీద కట్టిన పార్కు, అక్కడ చదునైన దారి తక్కువ. నిండు ట్రామ్ వాలు దిగుతున్నప్పుడు డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, దాన్ని ఒరుసుకుని ఆపే లైనింగ్ దానికి దూరమవుతుంది, గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకు చాంబర్‌లోని పుష్‌రాడ్ అనే నెట్టుడు కడ్డీ ఎక్కువ దూరం కదిలితే గాని పట్టు దొరకదు. ముందే సర్దుబాటు తప్పి ఉన్న బ్రేకు అయితే ఆ దూరం అయిపోతుంది, పట్టు మాత్రం రాదు. డ్రైవర్ కాలు నొక్కే ఉంటుంది, బండి ఆగదు.

ఎయిర్ బ్రేకుల ట్రామ్‌కు పొద్దున పరీక్ష ఈ వరసలో జరగాలి. చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, గాలి నింపి, గాలి ఒత్తిడిని అదుపు చేసే గవర్నర్ 125 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర కంప్రెసర్‌ను ఆపుతోందా, 100 దగ్గర మళ్ళీ మొదలుపెడుతోందా చూడాలి. ఇంజిన్ ఆపి, బ్రేకులు విడిచి, ఒక నిమిషం గడియారం చూడాలి: పెట్టెలు తగిలించిన బండిలో 3 పీఎస్ఐ కన్నా ఎక్కువ పడకూడదు. తర్వాత పెడల్ గట్టిగా నొక్కిపట్టి ఇంకో నిమిషం: 4 దాటకూడదు. తర్వాత పెడల్‌ను నొక్కుతూ వదులుతూ గాలి తగ్గించాలి. దాదాపు 60 దగ్గర హెచ్చరిక దీపం, బజర్ రావాలి. 45కీ 20కీ మధ్య పార్కింగ్ బ్రేకు మీట దానంతట అదే బయటికి రావాలి. చివరగా అడ్డుకట్టలు ఉండగానే బ్రేకులు విడిచి, అందుబాటులో ఉన్న ప్రతి స్లాక్ అడ్జస్టర్‌నూ, అంటే పుష్‌రాడ్‌కు తగిలించి బ్రేకు వదులును సర్దే మీటనూ, గట్టిగా లాగి చూడాలి. పుష్‌రాడ్ దగ్గర ఒక అంగుళం కన్నా ఎక్కువ కదిలితే ఆ బండి లైనులోకి వెళ్ళకూడదు. ఆటోమేటిక్ అడ్జస్టర్ ఉన్నచోట దాన్ని రెంచ్‌తో తిప్పి బిగించి పంపడం చాలా చోట్ల జరిగే తప్పు. అది దానంతట అది సర్దుకోలేదంటే లోపల ఏదో విరిగిందని అర్థం, బిగించినా మళ్ళీ సడలుతుంది.

వాలు మీద నడిపే పద్ధతి మన ఘాట్ రోడ్డు డ్రైవర్లకు కొత్త కాదు: ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనో అంతకన్నా తక్కువ గేరులోనో దిగాలి, గేరు దిగుడు మొదలయ్యే ముందే మార్చాలి. బ్రేకు ఎంతసేపూ నొక్కిపట్టకూడదు. అనుకున్న వేగానికి చేరగానే గట్టిగా నొక్కి, వేగం గంటకు 5 మైళ్ళు తగ్గేదాకా, అంటే సుమారు 3 సెకన్లు ఉంచి, వదిలేయాలి. మళ్ళీ వేగం పెరిగితే మళ్ళీ అదే. పెట్టెల మధ్య పిన్నుకు తోడు రెండు భద్రతా గొలుసులు ఉండాలి. పెట్టె ఊడిపోయి గాలి గొట్టం తెగితే దాని బ్రేకులు వాటంతటవే పడాలి. గొట్టం కావాలని విప్పి ఈ సంగతి పరీక్షించాలి, కాగితం మీద టిక్కు పెడితే చాలదు.

వీల్‌చైర్‌కు అమెరికా నిబంధనల ప్రకారం 30 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు చోటు కావాలి. కుర్చీని నాలుగు పట్టీలతో, చక్రాలకు కాకుండా చట్రానికి కట్టాలి, ర్యాంపు పూర్తిగా మడిచేదాకా బండి కదలకూడదు. స్ట్రోలర్లు, అంటే పిల్లల తోపుడు బండ్లు, మడిచే ఎక్కించాలి. విప్పి ఉంచిన స్ట్రోలర్ తలుపు దారికి అడ్డం.

పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవారు ట్రామ్ వచ్చేలోపే స్ట్రోలర్ మడిచి, సంచులు ఒకరి దగ్గరే ఉంచి, పిల్లలను పట్టుకోవడానికి చేతులు ఖాళీ చేసుకోండి. చివరి పెట్టె వదిలేసి మధ్యవాటిలో ఎక్కండి. పిల్లలనూ, పట్టు లేని పెద్దవాళ్ళనూ బెంచీ మధ్యలో కూర్చోబెట్టి, గట్టిగా పట్టుకోగల మనిషి అంచున కూర్చోవాలి. తలుపు మూతపడకపోయినా బండి కదిలితే డ్రైవర్‌కు వినపడేలా అరవండి, దిగాక పెట్టె నంబరు, సమయం రాసి అతిథి సేవల కౌంటర్‌లో ఇవ్వండి. డిస్నీల్యాండ్‌లో పిక్సార్ పాల్స్ పార్కింగ్ నుంచి నడక దారి కూడా ఉంది, నడవగలిగితే ట్రామ్ అవసరమే లేదు. రామోజీ ఫిల్మ్ సిటీలో గేటు దగ్గర బండి పెట్టి వాళ్ళ బస్సెక్కి లోపలికి వెళ్ళేటప్పుడూ చూడాల్సినవి ఇవే: తలుపు మూసి ఉందా, అది మూయకముందే బస్సు కదులుతోందా, చివరి మనిషి కూర్చున్నాడని డ్రైవర్‌కు ఎవరు చెబుతున్నారు.