మంచి మాటే కదా అని ప్రవక్త (స) పేరు పెట్టేయకండి

రంజాన్ దగ్గరపడిందంటే చాలు, ఆ మెసేజ్ వచ్చేస్తుంది. ఈ నెల వస్తోందని అందరికన్నా ముందు ఎవరు చెబితే వాళ్లకు నరకాగ్ని నిషిద్ధమట, ప్రవక్త (స) చెప్పారట. ఏ గ్రంథంలో ఉందో, ఆ మాటను విని చేరవేసిన ఉల్లేఖకుడు ఎవరో ఊసే ఉండదు. మా ఇంటి గ్రూపులో పెట్టిన పెద్దాయన్ని అడిగితే "మంచి మాటే కదా బేటా" అన్నారు. ఐదు పూటలా జమాత్ (సామూహిక నమాజు) తప్పని మనిషి! నా బాధంతా అక్కడే.

ఎందుకంటే హదీసులను, అంటే ప్రవక్త (స) మాటలు, చేతల గురించిన కథనాలను పరిశీలించే వేత్తలు ఇలాంటి మంచివాళ్ల విషయంలోనే ఎక్కువ భయపడ్డారు. సజ్జనులు హదీసుల్లో పలికినంత అబద్ధం ఇంకెక్కడా పలకడం చూడలేదన్నారు వాళ్లలో ఒకరైన యహ్యా అల్ ఖత్తాన్. వాళ్లు కావాలని ఆడరు, నాలుక మీదికి అలా వచ్చేస్తుందంతే అని ఇమామ్ ముస్లిం తన హదీసు గ్రంథం 'సహీహ్' ముందుమాటలో వివరించారు. ఖజానా అప్పగించినా నమ్మదగ్గ పెద్దల్ని మదీనా మసీదులో చూసి కూడా ఇమామ్ మాలిక్ వాళ్ల దగ్గర హదీసు తీసుకోలేదు. నీతితో పాటు విన్నది విన్నట్టు నిలుపుకునే జ్ఞాపకం కూడా ఉండాలి మరి. హదీసులు చెప్పే ఈజిప్టు ఖాజీ ఇబ్ను లహీఆ పుస్తకాలు కాలిపోయాయని, ఆయన దగ్గర అంతకుముందు విన్నదెవరు, తర్వాత విన్నదెవరు అని కూడా ఆరా తీశారు.

నా మనసు కరిగిపోయేది మాత్రం ఇమామ్ బుఖారీ గురువు అలీ బిన్ అల్ మదీనీ దగ్గర. ఆయన తండ్రీ హదీసులు చెప్పేవారు. మీ నాన్న ఎలాంటి ఉల్లేఖకుడని అడిగితే ఇంకెవరినైనా అడగండి అన్నారు అలీ. మళ్లీ అడిగారు. తల వంచుకున్నారు, కాసేపటికి ఎత్తి, ఇది ధర్మం, మా నాన్న బలహీనుడు (అంటే ఆయన ఉల్లేఖన నమ్మదగ్గది కాదు) అన్నారు. తల్లిదండ్రులను 'ఉఫ్' అని కూడా అనొద్దన్న ఖురాన్ ఆయత్ (వాక్యం) ఆయనకు తెలియదా? ఎంత గుండెకోత అయి ఉంటుందో! కన్నతండ్రి కన్నా ప్రవక్త (స) మాట ఎక్కువైంది కాబట్టే నోరు విప్పారు.

ఉల్లేఖకులను ఒక్కొక్కరినీ తూచిన హదీసు పండితుడు ఇబ్ను హజర్ గ్రంథం 'తహ్‌జీబుత్ తహ్‌జీబ్' 12 సంపుటాలూ 1907-09లో అచ్చయింది మన హైదరాబాదు ప్రచురణ సంస్థ దాయిరతుల్ మఆరిఫ్‌లోనే. ఆ నేల మీద ఉండి ఊరూపేరూ లేని మాటలు పంచుతామా?

నా మీద కావాలని అబద్ధం చెప్పినవాడు నరకంలో తన చోటు చూసుకోవాలి అన్నారు ప్రవక్త (స). నరకం తప్పిస్తానంటూ వచ్చే మెసేజ్ మనల్ని ఎటు లాగుతోందో ఆలోచించండి. రంజాన్ వస్తోందని సంతోషంగా చెప్పండి, మీ మాటగా చెప్పండి. ప్రవక్త (స) పేరు పెట్టాలంటే మాత్రం గ్రంథం, హదీసు నంబరు చూసుకోండి, దొరక్కపోతే మీ ఊరి ధర్మ పండితుడైన ఆలిమ్‌ను అడిగేదాకా పంపకుండా ఆగండి.