గుసగుసల పగలు

ఈయన తెల్లవారుజామున ఐదింటికి రైల్వే లాబీలో డ్యూటీ దిగినట్టు సైన్ ఆఫ్ చేసి ఇంటికొచ్చి, స్నానం చేసి, నాలుగు ఇడ్లీలు తిని పడుకునేసరికి ఆరున్నరైంది. సరిగ్గా అప్పుడే బుజ్జిది లేచింది.

సత్యనారాయణపురం రైల్వే కాలనీలో మా క్వార్టర్‌కి రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న పెరడు. ఒక గదిలో గూడ్స్ రైలు నడిపే లోకో పైలట్ నిద్ర. మిగతా ఇల్లంతా రెండేళ్ల ఐదు నెలల పిల్ల. ఎనిమిది గంటలు, ఆపైన డ్యూటీ చేసొస్తే పదహారు గంటలు రెస్ట్ ఇస్తారు. వినడానికి చాలా అనిపిస్తుంది. రానుపోను, తిండీ తిప్పలూ పోగా కంటినిండా నిద్రపోయేది ఏ ఏడు గంటలో. రాత్రి చీకట్లో సిగ్నల్ చూడాల్సింది ఆ కళ్లే. అందుకే ఆయన పడుకున్న పగళ్లు మిక్సీ వెయ్యను, కుక్కర్ పెట్టను. పప్పు గిన్నెలోనే ఉడికిస్తాను.

బుజ్జిదానికి ఇవన్నీ ఏం తెలుస్తాయి? "అమ్మా, చూడు" అంటుంది. చెంచా చూడాలి. చెంచా మీద వాలిన ఈగని చూడాలి. ఈగ ఎగిరిపోతే ఎటు పోయిందో కూడా చూడాలి. "ఇప్పుడే వస్తానమ్మా" అంటే, ఇప్పుడే అంటే ఎంతసేపో దానికి తెలియదు. పిలిచిన కొద్దీ గొంతు పెరుగుతుంది. కూర తరుగుతూ ఊఁ కొడితే ఒప్పుకోదు. దగ్గరికొచ్చి నా బుగ్గలు రెండు అరచేతులతో పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంటుంది. వెచ్చగా, బెల్లం జిడ్డుతో ఉంటాయి ఆ చేతులు. కళ్లు కలిశాకే చెప్పాల్సింది చెబుతుంది.

పదిన్నరకి ఉడతని చూపిస్తానని పెరట్లోకి లాక్కెళ్లింది. వెనక్కి వచ్చేసరికి పప్పు అడుగంటి ఇల్లంతా మాడు వాసన. నేను గిన్నె దించుతుంటే అది స్టీలు పళ్లెం తీసి నేలకేసి కొట్టింది. ఆ పళ్లెం అంచు మీద గిర్రున తిరుగుతూ, తిరుగుతూ, ఎంతకీ పడుకోదే. కాలితో తొక్కి ఆపాను. అది మళ్లీ "అమ్మా" అని అరవబోతుంటే చప్పున నోరు మూసేశాను. నా చెయ్యి దాని మొహంలో సగం కప్పేసింది. పైన కళ్లు రెండే కనబడుతున్నాయి, నన్నే చూస్తూ.

చెయ్యి తీసేశాను. అది ఏడవలేదు. కింది పెదవి వణికింది. నాకే భయపడ్డ పిల్ల నా చీర కుచ్చిళ్లలోనే తల దూర్చింది. చాలాసేపు అలాగే నేల మీద కూర్చుండిపోయాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఆ కళ్లే గుర్తొస్తున్నాయి.

మామూలుగా అయితే అప్పుడు సౌండ్ తీసేసి ఫోన్ చేతికిచ్చేదాన్ని. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకి స్క్రీన్ రోజుకి గంట మించకూడదని పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2021లోనే చెప్పింది. ఎంత తక్కువైతే అంత మంచిదట. ఈయన పడుకున్న రోజుల్లో మా ఇంట్లో ఆ గంట పదకొండు లోపే అయిపోతుంది. ఇవాళ ఇవ్వబుద్ధి కాలేదు. అరకిలో చిక్కుడుకాయలు తీసుకుని పెరట్లో ఎండ పొడ పడేచోట చాప వేశాను.

"చిక్కుడుకాయలు బజ్జున్నాయి. లేపకుండా ఈనె తీయాలి" అని దాని చెవిలో చెప్పాను. అంతే, ఒక్కో కాయనీ పెదవుల దగ్గర పెట్టుకుని ఏదో గుసగుసలాడి నాకిచ్చింది. నేను ఈనె లాగి చూపించాలి. ఆ ఈనెని అది తన గౌను మీద పెట్టుకుంటుంది. పావుగంట పని పన్నెండున్నర దాకా సాగింది. నానబెట్టిన బట్టలు బకెట్లోనే ఉండిపోయాయి. కానీ గంటన్నరలో ఒక్కసారి కూడా నా మొహం తిప్పుకోలేదు. పని చేసుకుంటూ చూసే చూపేదో, పని ఆపి చూసే చూపేదో దానికి బాగా తెలుసు.

మధ్యలో అమ్మ ఫోన్ చేసింది. నేనూ గుసగుసగానే మాట్లాడాను. "నిన్ను నేనొక్కదాన్నే పెంచానా? నానమ్మ ఒళ్లోంచి పెద్దమ్మ ఒళ్లోకి, అక్కణ్ణించి బాబాయి భుజం మీదకి. నీకు అలా అందుకునే చెయ్యే లేదు కదే" అంది. దెప్పలేదు, బాధపడింది. మూడేళ్లు నిండితే అంగన్‌వాడీకి పంపొచ్చు. ఇంకా ఏడు నెలలు.

రెండింటికి ఈయన లేచారు. బుజ్జిది గుమ్మంలో నిలబడి, "నానా, లేచావా" అంది, వినీ వినబడకుండా.

"అంత మెల్లగా మాట్లాడతావేంటమ్మా?"

నోటి మీద వేలు పెట్టుకుని, "చిక్కులుకాయ బజ్జుంది" అంది.

ఆయన నవ్వలేదు. ఎత్తుకుని పెరట్లోకి తీసుకెళ్లి, "ఇప్పుడు గట్టిగా పిలువు అమ్మని" అన్నారు. అది ముందు నా వైపు చూసింది. పిలవమని తలూపాను. "అమ్మా, చూడూ!" అని ఒక్క అరుపు అరిచింది.

రాత్రి ఎనిమిదిన్నరకి డ్యూటీకి రమ్మని కాల్ వచ్చింది. టిఫిన్ క్యారేజీ అందిస్తూ, నిద్ర సరిపోయిందా అని అడిగాను. సరిపోయిందన్నారు. పళ్లెం చప్పుడు వినబడలేదట.