వాయుక్షేత్రంలో ఊపిరి సలపని భక్తి

శ్రావణ శనివారం కడప జిల్లా గండి ఆంజనేయస్వామి గుడికి పోయినవాళ్లకు ఆ హోరు తెలిసిందే. వరుసలో నిలబడినంతసేపూ దండకం మీద దండకం. పోయినేడు నా వెనక ఒకాయన పదకొండుసార్ల లెక్క గర్భగుడి లోపలే పూర్తి చేయాలని పట్టుబట్టినాడు. ఊపిరి అందక స్వామి పేరునే సగానికి తుంచి, మిగతా సగం తర్వాతి గుక్కలో కలుపుకుంటున్నాడు. రెండో చేతిలో ఫోను. నాకు కోపమొచ్చింది. వచ్చిందేమో వాయుదేవుడు తపస్సు చేసిన చోటికి. లంక నుంచి తిరిగొచ్చే రామయ్య కోసం ఆయన పాపాఘ్ని నదికి అటూ ఇటూ ఉన్న కొండలకు బంగారు తోరణం కట్టిన చోటికి. ఇక్కడికొచ్చి గాలి గొంతే నొక్కితే ఎట్ల?

"అపానే జుహ్వతి ప్రాణం ప్రాణేఽపానం తథాపరే". గీతలో నాలుగో అధ్యాయం, 29వ శ్లోకం. ప్రాణం, అపానం అంటే లోపలికీ బయటికీ ఆడే ఊపిరే; అంతకు మించి టీక చెప్పబోను. నన్ను పట్టుకున్నది "జుహ్వతి" ఒక్కటే. పీలుస్తారు అనలేదు పరమాత్మ, హోమంలో వేసినట్టు వేలుస్తారు అన్నాడు. వేల్చాలంటే గుండం ఉండాలి కదా!

ఉంది. గాలి ముక్కులోనే కాళ్లు కడుక్కుంటుంది. అక్కడి వెంట్రుకలు, జిగురు దుమ్మును పట్టేస్తాయి. గాలి వెచ్చబడి, తడిసి లోపలికి పోతుంది. శ్వాసనాళం రెండుగా చీలి, ఆ చీలికలు ఇరవైసార్లకు పైగా మళ్లీ మళ్లీ చీలి, చివర సన్నని తిత్తులుగా ముగుస్తాయి. కోట్ల తిత్తులు, ముప్పై కోట్లని ఒక లెక్క. గాలికీ నెత్తురుకూ నడుమ గోడ వెంట్రుక మందంలో వందో వంతు ఉంటుందేమో. ఆ గోడ దాటి ఆక్సిజన్ నెత్తుట్లోకి పోతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. ప్రాణాన్ని అపానంలో, అపానాన్ని ప్రాణంలో వేల్చడమంటే నాకు ఇదే కనిపిస్తుంది.

మామూలుగా మనం ఒక్కసారి పీల్చేది అరలీటరు. అందులో 150 మిల్లీలీటర్లు గుండం దాకా పోనే పోవు. గాలిగోపురం చూసి ఇంటికి మళ్లిన భక్తుడి మాదిరి నాళాల్లోంచే వెనక్కి వస్తాయి. పైపైన పావులీటరే పీల్చినా ఆ 150 కోత తప్పదు. లోపలికి చేరేది 100. నిదానంగా అరలీటరు పీల్చినవాడికి 350 చేరుతుంది. ఉరుకులు పెట్టి చదివే దండకంలో హవిస్సు దారిలోనే ఒలికిపోతోందని నేనంటే ఎగతాళి అనుకోవద్దు.

ఇంకొకటి, శ్లోకానికి సంబంధం లేకున్నా చెప్పకుండా ఉండలేను. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, అంటే భాగాలు, ఎడమదానికి రెండే. గుండెకు చోటిచ్చి ఒదిగింది ఎడమది. రామయ్య పాదాల దగ్గర ఒదిగి కూర్చున్న ఆంజనేయుడు గుర్తుకు రాడూ?

రోజుకు 21,600 శ్వాసలని పెద్దలు లెక్కగట్టినారు. నిమిషానికి పదిహేను. లోపలికి "సో", బయటికి "హం". అన్నీ స్వామివే. అన్నీ గమనించమని ఎవరూ అడగరు. పొద్దున లేచి పదకొండు శ్వాసలు ఫోను ముట్టకుండా విడవండి నాయనా, చాలు. పొట్ట కొంచెం ముందుకు రావాలి. ఛాతీకీ పొట్టకూ నడుమ ఉండే కండరం, ఉదరవితానం, కిందికి దిగితేనే ఊపిరితిత్తుల అడుగుకు గాలి చేరేది. భుజాలు ఎగరేస్తే చేరదు.

మా నాయిన ఎర్రగుంట్ల పక్క నాపరాళ్ల పాలిష్ పనిలో ముప్పై ఏండ్లు బతికినాడు. ముక్కు ఆపలేని సన్నని దుమ్ము తిత్తుల దాకా పోయి మచ్చలు కట్టింది. మచ్చ కట్టిన ఊపిరితిత్తి సాగదు. చివరి శ్రావణంలో గండికి తీసుకుపోతే మెట్టు మెట్టుకూ కూలబడినాడు. "నువ్వు చదువుకుంటాండు అబ్బయ్యా, నాకు ఆయాసం" అన్నాడు. నేను దండకం మూడుసార్లు ముగించినా. ఆయన కండ్లు మూసుకుని, ఒక్కో గుక్కకు ఒక్కో "రామా" విడుస్తా కూర్చున్నాడు. మధ్యలో తోరణం కట్టిన కొండల దిక్కు తల తిప్పి, గాలి తగిలితే, కొంచెంసేపు నోరు మెదపలేదు.