జ్వరం పేరు చెప్పి

మా అమ్మాయికి 12 ఏళ్లు. డాలస్ దగ్గర ఉంటాం. దాని టెన్నిస్ కన్నా దాని రేటింగ్ మీదే నాకు టెన్షన్ ఎక్కువ. ఈ మాట ఒప్పుకోవడానికి విజయనగరం దాకా వెళ్లాల్సి వచ్చింది.

డాలస్‌లో టోర్నమెంట్లలో పిల్లలు ఆడిన మ్యాచ్‌లు యూటీఆర్ అనే రేటింగ్ లెక్కలోకి పోతాయి. ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే డ్రా రాగానే మేం తల్లులం చూసేది ఒక్కటే, మొదటి రౌండులో ఎవరు తగిలారా అని. మార్చిలో ఒకసారి మా దానికి రెండేళ్లు పెద్దది, బాగా పేరున్న పిల్ల తగిలింది. జ్వరమని మెయిల్ పెట్టి పేరు తీయించేశాను. దానికి మాత్రం టోర్నమెంట్ రద్దయిందని చెప్పాను. నిజానికి ఆ లెక్కలో ఎదుటివాళ్ల బలమూ చూస్తారు, మనం ఎన్ని గేములు గెలిచామన్నదీ చూస్తారు. గట్టివాళ్ల మీద ఓడినా నాలుగు గేములు లాగితే లాభమే. తెలుసు. తెలిసినా, పిల్ల పేరు పక్కన 6-0, 6-0 అని పడితే నలుగురిలో ఎలా అని బెంగ.

జూన్‌లో పుట్టింటికి వెళ్లాం. మా నాన్న ఒక మెంబరుతో మాట్లాడి, పొద్దున్నే క్లబ్బులో ఆడుకోవడానికి అనుమతి తెచ్చారు. నేను డిగ్రీ దాకా ఆ ఊళ్లోనే చదివినా ఆ గేటు ఎప్పుడూ దాటలేదు. మగపిల్లలు సైకిలు హేండిల్‌కి రాకెట్ తగిలించుకుని లోపలికి పోతుంటే చూసేవాళ్లం, అంతే. నలభై రెండేళ్లకి నా కూతురి వెనకాల వాటర్ బాటిల్ మోసుకుంటూ వెళ్లాను.

దానికి దొరికిన ప్రత్యర్థి అక్కడి మార్కర్. మెంబర్లకి జోడీ లేకపోతే ఆడేదీ, మట్టి కోర్టుకి నీళ్లు కొట్టి, రోలర్ లాగి, సున్నంతో గీతలు వేసేదీ ఆయనే. చిన్నప్పుడు బంతులు ఏరడానికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు యాభై దాటాయి. మెంబర్లలో కొందరు ఇంకా "ఒరే" అనే పిలుస్తారు. మా అమ్మాయి "కోచ్ అనాలా, అంకుల్ అనాలా?" అని అడిగింది. "మీ అమ్మకి అన్నయ్య వరస. మావయ్యా అను" అన్నారు నాన్న.

మొదటి రోజు మావయ్య 6-0తో కొట్టాడు. డాలస్‌లో సిమెంటు కోర్టు మీద దూసుకుపోయే దాని షాట్లు ఇక్కడ తడి మట్టి మీద పడి, పైకి లేచి, ఆగి ఆగి వెళ్లేవి. ఆయన తాపీగా వచ్చి రాకెట్‌తో కింద నుంచి కోసినట్టు కొట్టేవాడు. ఆ బంతి నెట్ దాటి అక్కడే కూలబడేది. ఇది పరిగెత్తుకొచ్చి ఎలాగో ఎత్తితే, దాని తల మీదుగా వెనక్కి లాబ్ వేసేవాడు. పన్నెండేళ్ల పిల్ల ఆయాసపడుతోంది, ఆయనకి మాత్రం ఆయాసమే లేదు. "గుడ్ జాబ్, కన్నా" అనడానికి నోరు తెరిచాను. ఆయన ముందే అనేశాడు: "చేతులు బాగున్నాయమ్మా. కాళ్లే ఇంకా అమెరికాలో ఉండిపోయాయి." నాకు ఎక్కడో చురుక్కుమంది. అది మాత్రం పకపకా నవ్వింది. అంత సూటిగా దానితో మాట్లాడిన పెద్దవాళ్లు అప్పటిదాకా లేరు.

మూడో రోజు అది "ఔట్!" అని అరిచింది. అంపైర్ లేని జూనియర్ మ్యాచ్‌ల్లో తమ వైపు పడ్డ బంతి గురించి ఎవరికి వాళ్లే చెప్పుకోవాలి కాబట్టి, వేలెత్తడం దానికి బాగా అలవాటు. ఆయన నెట్ చుట్టూ నడిచి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. తడి మట్టిలో కోడిగుడ్డంత గుర్తు. దాని చుట్టూ వేలితో సున్నా చుట్టాడు. "సూడు పాపా. ఈ కొసని సున్నం చెదిరింది. గీతకి వెంట్రుకంత తగిలినా లోపలే." మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూసింది. "సారీ మావయ్యా" అంది. మళ్లీ లేచి సర్వీసు తీసుకోవడానికి వెళ్లింది.

ఆయన పాఠాలన్నీ అంతే, పొట్టిగా ఉంటాయి. "పెద్దోళ్లతో ఆడేటప్పుడు గీతల మీద కొట్టాలని సూడకు. ఐమూలగా కొట్టు. నెట్ మధ్యలో 3 అడుగులే, స్తంభాల కాడ మూడున్నర. ఆ ఆరంగుళాలు నీవి." దీని కోచ్‌కి డాలస్‌లో గంటకి మేం ఇచ్చే డాలర్ల సంగతి ఎందుకులెండి.

ఆట అయ్యాక మూడు లాంతర్ల జంక్షన్ వైపు వెళ్లి టిఫిన్ చేసేవాళ్లం. ఒకరోజు నాన్న విజ్జీ కథ ఎత్తుకున్నారు. మా ఊరి రాజకుమారుడు, 1936లో మన క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లి టెస్టుల్లో 2-0తో ఓడి వచ్చాడు. ఒక కౌంటీ కెప్టెన్‌కి బంగారు గడియారం ఇచ్చి, తనకి తేలిక బంతులు వేయించుకున్నాడని చెప్పుకుంటారు. నాన్న నవ్వుతూ చెప్పారు. మా అమ్మాయి నవ్వలేదు.

"అంటే అమ్మలాగా" అంది తెలుగులోనే.

"నేనేం చేశానే?"

"మార్చిలో టోర్నమెంట్ క్యాన్సిల్ అవలేదు కదా. నా ఫ్రెండ్ ఆడింది. నాకు ఫీవర్ అంట కదా."

నాన్న తల వంచుకుని పెసరట్టు తుంచుతూ ఉండిపోయారు. నేను సర్వర్‌ని పిలిచి, తాగని కాఫీ ఇంకోటి చెప్పాను.

వర్షం పడ్డ రోజులు పోగా పదహారు రోజులు ఆడింది. ఒక్క సెట్ కూడా గెలవలేదు. ఆఖరి రోజు 6-3. ఆ మూడో గేమ్ గెలిచినప్పుడు మావయ్య రాకెట్‌ని చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. బయల్దేరేటప్పుడు ఆయన చేతిలో డబ్బు పెట్టబోయాను. మెంబర్లు చూస్తారని గేటు బయటికి వచ్చి తీసుకున్నాడు.

ఆగస్టులో డ్రా వచ్చింది. మొదటి రౌండులోనే, మార్చిలో తగిలిన ఆ పిల్ల. ఫోన్ పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. వెనక నుంచి స్క్రీన్ చూసేసింది.

"అమ్మా, నాకు జ్వరం లేదు" అంది.