మావాడు పొద్దున కునుకు మానేశాడు

మావాడికి 15 నెలలు నిండేదాకా పొద్దున పదింటికి ఒక కునుకు, మధ్యాహ్నం మూడింటికి ఇంకోటి, నా స్నానం, వంట, ఆఫీస్ కాల్స్ అన్నీ ఆ రెండు గ్యాపుల్లోనే. రెండు నెలల కిందట ఉన్నట్టుండి పొద్దున కునుక్కి మొండికేశాడు. భుజాన వేసుకుని జోకొడుతుంటే తలెత్తి ఫ్యాన్ వైపు వేలు చూపిస్తాడు, నలభై నిమిషాలు తిప్పాక నాకు నిద్రొస్తుంది గానీ వాడికి రాదు.

సరే ఒక్క కునుకు చాల్లే అని పొద్దున్నది ఒకేసారి తీసేశా, అదే నేను చేసిన తప్పు. పదకొండున్నరకి పప్పన్నం ముద్ద బుగ్గన పెట్టుకునే తల వాల్చేశాడు. గొంతుకి అడ్డం పడుతుందేమోనని భయపడి ముద్ద వేలితో తీసేసరికి లేచి ఒకటే ఏడుపు. ఇంక ఆ పూట నిద్ర లేదు, సాయంత్రం ఐదున్నరకి సోఫాలో పడిపోయాడు. "దీపాలు పెట్టే వేళ పడుకోబెడతావేంటమ్మా" అని అత్తయ్య గోల. పాతకాలం మాటలే అనుకున్నా, ఆ రాత్రి పన్నెండింటికి వాడు గరిటె పట్టుకుని డబ్బాలు వాయిస్తుంటే అర్థమైంది. మెలకువగా ఉన్నంతసేపూ నిద్ర మత్తు పోగవుతూ ఉంటుందట, సాయంత్రం కునుకులో అదంతా ఖర్చైపోతే ఇంక రాత్రికేం మిగుల్తుంది!

పిల్లల డాక్టర్‌ని అడిగితే చాలామంది 14 నుంచి 18 నెలల మధ్య ఒక్క కునుక్కి వస్తారు, ఎన్ని కునుకులని కాదు, ఈ వయసుకి రోజు మొత్తం మీద 11 నుంచి 14 గంటలు పడుకుంటున్నాడా చూడమన్నారు. అప్పట్నుంచి కునుకుని మూడ్రోజులకోసారి పావుగంట చొప్పున జరుపుకుంటూ వచ్చా, పదిన్నర నుంచి పన్నెండున్నరకి రావడానికి దాదాపు నెల పట్టింది. అన్నం 11:30 కే పెట్టేస్తా. ఈలోపు కళ్ళు నులుముకుంటే బాల్కనీలో టబ్బులో కాసిని నీళ్ళు, ఒక చెంబు ఇచ్చి పక్కనే కూర్చుంటా, చొక్కా అంతా తడుస్తుంది కానీ ఇరవై నిమిషాలు గడిచిపోతాయి. కారులో పది నిమిషాలు కునుకు తీసి ఇంక పడుకోనని మారాం చేసే రోజులు ఎలాగూ ఉంటాయి, ఆ రోజు రాత్రి ఎనిమిదిన్నర దాకా ఆగకుండా ఏడుంబావుకే పడుకోబెట్టేస్తా. దీపం పెట్టాక కదా, అత్తయ్య కూడా ఓకే.

నిన్న 12:40 కి పడుకున్నాడు. 12:55 కి కొరియర్ బెల్. ఇప్పుడు మా బెల్ స్విచ్ మీద టేపు అతికించి ఉంది.